ఎన్‌సీఈఆర్‌టీ సోషల్ పుస్తకాన్ని వైజాగ్ పిల్లలకి చెప్పడం ఎలా

కొత్తగా డీఎస్సీలో వచ్చి సోషల్ చెప్తున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, మేడమ్ పుస్తకం నిండా బెల్జియం, ఇటలీ, జర్మనీ ఉన్నాయి, మన గాజువాక పిల్లలకీ కంచరపాలెం పిల్లలకీ ఇది ఎలా ఎక్కించాలి అని. ఎక్కుతుందండీ, బాగా ఎక్కుతుంది, కానీ దానికి ఒక పద్ధతి కావాలి. నేను ఇన్నేళ్ళుగా గవర్నమెంట్ హైస్కూల్లో సోషల్ చెప్తూ నేర్చుకున్నది ఏంటంటే, పాఠం ఊర్లోంచి మొదలవ్వాలి, అక్కణ్ణుంచి పుస్తకంలోకి వెళ్ళాలి, వెళ్ళి మళ్ళీ ఊర్లోకి రావాలి. ఈ మూడిట్లో ఏది మానేసినా పని అవ్వదు. ఊరితో మొదలెట్టి పుస్తకంలోకి వెళ్ళకపోతే అది కబుర్లు చెప్పినట్టు ఉంటుంది, ఊరి ఊసే లేకుండా పుస్తకం ఒక్కటే చదివితే బట్టీ అయిపోతుంది. 2005లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెప్పింది ఇదే కదా, బడి బయటి జీవితంతో చదువుని కలపండి, బట్టీని తగ్గించండి అని. అంటే మనం సిలబస్ పక్కన పెట్టి ఏదో చేస్తున్నామని భయపడక్కర్లేదు, సిలబస్ అడిగిందే చేస్తున్నాం.

ముందు జూన్‌లో ఒక పని చేయండి, బడి తెరిచిన మొదటి వారంలోనే. పుస్తకం మొత్తం పెన్సిల్ పట్టుకుని చదవండి, గైడ్ కాదు, పుస్తకమే. మన ప్రాంతం పేరు నేరుగా ఎక్కడ వచ్చిందో అక్కడ గీత పెట్టండి. పేరు లేకపోయినా ఇది మా పిల్లల ఇళ్ళల్లో జరిగేదే అనిపించిన చోట చుక్క పెట్టండి. రెండూ లేని చోట వదిలేయండి, బలవంతంగా పెట్టొద్దు. ఒక సాయంత్రం పని అంతే, కానీ ఏడాది మొత్తం దీనిమీదే నడుస్తుంది. నా పదో తరగతి పుస్తకంలో గీతలు నేను అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చాయి, మన ఊరు పుస్తకంలో ఉంది, మనమే గబగబా పేజీ తిప్పేస్తున్నాం.

దీనికి నా తప్పే ఒకటి చెప్తాను. కొత్తలో "భారతదేశంలో జాతీయవాదం" పాఠానికి నేను నోట్స్ రాయించేదాన్ని. సహాయ నిరాకరణ, చౌరీ చౌరా, ఉప్పు సత్యాగ్రహం, వరసగా పాయింట్లు. అందులోనే గూడెం కొండల మీద పేరా ఉంది, అల్లూరి సీతారామరాజు గురించి, దాన్ని ఒక నాలుగు లైన్లలో రాయించి ముందుకెళ్ళిపోయాను. స్లిప్ టెస్ట్ పెడితే అందరూ అవే నాలుగు లైన్లు రాశారు. పేపర్లు ఇస్తుంటే వెనక బెంచీలో హాస్టల్ నుంచి వచ్చే ఒక పిల్ల లేచి మెల్లగా అడిగింది, "టీచర్, ఈ గూడెం అంటే మా గూడెం కొత్తవీధేనా?" అని. వాళ్ళది చింతపల్లి వైపు. అంటే ఆ పిల్ల వాళ్ళ అమ్మమ్మ ఊరి గురించి పరీక్ష రాసింది, అది వాళ్ళ ఊరని తెలియకుండా రాసింది, ఆ మాట నేను చెప్పలేదు కాబట్టి. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

ఇప్పుడు అదే పాఠం ఇలా చెప్తాను. మొదటి పీరియడ్‌లో పుస్తకం తెరవనివ్వను. బోర్డు మీద వైజాగ్, అనకాపల్లి, నర్సీపట్నం, అక్కణ్ణుంచి పైకి లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి గీస్తాను, చలికాలంలో లంబసింగి పిక్నిక్‌కి వెళ్ళినవాళ్ళు ఎవరంటే సగం చేతులు లేస్తాయి. ఆ ఘాట్ రోడ్డు ఎలా ఉంటుంది, ఎన్ని మలుపులు, అది ఎవరు వేసుంటారు అని అడుగుతాను. కాంట్రాక్టర్ అంటారు, గవర్నమెంట్ అంటారు. అప్పుడు చెప్తాను, వందేళ్ళ కిందట ఆ కొండల్లో రోడ్లు వేయించడానికి కొండ మనుషుల్ని పట్టుకెళ్ళి వెట్టి చేయించారని, దానికి ముందే 1882 మద్రాసు అటవీ చట్టంతో వాళ్ళ పోడు ఆపారని, పశువుల్ని అడవిలోకి తోలనివ్వలేదని, కట్టెలు ఏరుకోనివ్వలేదని. ఇక్కడ ఆగి ఒకే ప్రశ్న వేయాలి, మీరైతే ఏం చేస్తారు? వాళ్ళు చెప్పేవన్నీ బోర్డు మీద రాయండి, ఏదీ తప్పనొద్దు. అర్జీ పెడతాం, పారిపోతాం, కొడతాం, కోర్టుకెళ్తాం, అన్నీ వస్తాయి.

రెండో పీరియడ్‌లో పుస్తకం. ఇప్పుడు వాళ్ళే చదవాలి, గట్టిగా, ఒక్కొక్కళ్ళు ఒక్కో వాక్యం. ఆ పేరాలో ఉన్న మెలిక పిల్లలకి కచ్చితంగా పట్టివ్వాలి, సీతారామరాజు గాంధీగారిని పొగిడాడు, ఖద్దరు కట్టమన్నాడు, తాగుడు మానమన్నాడు, కానీ దేశానికి విముక్తి బలప్రయోగంతోనే వస్తుందన్నాడు. మరి ఈయన గాంధీ మనిషా కాదా? దీనిమీద నా క్లాసులో పీరియడ్ బెల్లు కొట్టినా ఆగకుండా వాదించుకున్నారు. పాఠం మొత్తానికి అసలు సంగతి అదే, ఒకే స్వరాజ్యం అనే మాటని ఒక్కో చోట ఒక్కో జనం ఒక్కోలా అర్థం చేసుకున్నారని. అవధ్ రైతు ఒకలా, అస్సాం తేయాకు తోటల కూలీ ఒకలా, మన గూడెం కొండల మనిషి ఒకలా. గూడెం పట్టుబడితే మిగతా రెండూ వాటంతట అవే వస్తాయి.

తేదీలు చివర్లో ఇవ్వండి, మొదట్లో కాదు. సీతారామరాజు మనుషులు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేశారు, మూడు రోజుల్లో మూడు, తీసుకెళ్ళింది తుపాకులు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. కథ మనసులో కూర్చున్నాక ఈ తేదీలు రెండుసార్లు చెప్తే చాలు, లేకపోతే ఇరవైసార్లు చెప్పినా నిలవవు.

జాగ్రఫీకి వస్తే మనంత అదృష్టవంతులు ఇంకెవరూ లేరు. పదో తరగతి పుస్తకంలో ఖనిజాల పాఠం తీయండి, ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో బైలదిలా కొండల ఇనుప ఖనిజం, అది విశాఖపట్నం పోర్టు నుంచి జపాన్‌కి, దక్షిణ కొరియాకి వెళ్తుందని ఉంటుంది. రవాణా పాఠం తీయండి, విశాఖ పోర్టు బాగా లోతైనది, చుట్టూ నేలతో రక్షణ ఉన్నది, మొదట ఇనుప ఖనిజం ఎగుమతి కోసం అనుకున్నది అని ఉంటుంది. పిల్లలకి ఇవి రెండు వేర్వేరు పాఠాల్లో రెండు బిట్లు. కలపాల్సింది మనం.

నేనెలా కలుపుతానంటే, అరకు రైలు ఎక్కినవాళ్ళని అడుగుతాను ఆ రైలు అరకు దాటి ఎక్కడికి వెళ్తుందని. ఎవరికీ తెలీదు, అందరూ అరకులో దిగిపోతారు కదా. అది కిరండూల్ దాకా వెళ్తుంది, కిరండూల్ పక్కనే బైలదిలా. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి ఆ లైను వేసింది మనం బొర్రా గుహలు చూడ్డానికి కాదు, ఆ ఖనిజం పోర్టుకి దించడానికి. ఇది చెప్పగానే ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు, అయితే గేటు దగ్గర ఆగినప్పుడు వెళ్ళే గూడ్స్‌లో ఎర్రటి మట్టి అదేనా టీచర్ అని. మట్టి కాదు నాన్నా, అదే పుస్తకంలో ఉన్న హెమటైట్. అక్కడితో పాఠం సగం అయిపోయినట్టే.

ఇప్పుడు అట్లాస్ తీయించండి. బైలదిలా దగ్గర ఒక చుక్క, విశాఖ దగ్గర ఒక చుక్క, మధ్యలో గీత, విశాఖ నుంచి సముద్రంలోకి తూర్పు వైపు బాణం. తర్వాత మళ్ళీ ఖాళీ మ్యాప్ ఇచ్చి చూడకుండా గీయమనండి. మ్యాప్ పాయింటింగ్‌కి విడిగా చుక్కలు బట్టీ పట్టించడం నేను మానేశాను, చుక్క కంటే దారి బాగా గుర్తుంటుంది. వస్తువు ఎక్కడ పుట్టింది, ఎక్కడికెళ్ళింది అని గీత గీస్తే రెండు చుక్కలూ వాటి చోట్లలోకి అవే వస్తాయి.

ఉక్కు పరిశ్రమకి ఒక చిన్న పని. ఇనుప ఖనిజం, కోకింగ్ కోల్, సున్నపురాయి సుమారు 4:2:1 నిష్పత్తిలో కావాలని పుస్తకం చెప్తుంది. నాలుగు ఇటుక ముక్కలు, రెండు బొగ్గులు, ఒక తెల్లరాయి బల్లమీద పెట్టి, ఇవన్నీ ఒకే చోట దొరక్కపోతే ఫ్యాక్టరీ ఎక్కడ పెడతారు అని అడగండి. జంషెడ్‌పూర్ గనుల దగ్గర పెట్టారు, మనది సముద్రం ఒడ్డున పెట్టారు, ఎందుకు? బొగ్గు ఓడమీద వస్తుంది కాబట్టి అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇంకొకరు లేచి, కాదు టీచర్, మా తాత చెప్పాడు, ఉద్యమం చేస్తేనే వచ్చింది అంటారు. అదీ నిజమే, విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో జనం రోడ్ల మీదకి వచ్చారు, 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో భూగోళం ఒక్కటే తేల్చదు, జనం కూడా తేలుస్తారు అన్న మాట ఆ పిల్లాడి తాత నోటి నుంచి వస్తే నేను చెప్పేదానికంటే బలంగా ఉంటుంది, కాబట్టి తాతల కబుర్లు వచ్చినప్పుడు సిలబస్ అయిపోవట్లేదని ఆపేయకండి.

ఎకనామిక్స్‌లో "డబ్బు, పరపతి" పాఠానికి ఫిషింగ్ హార్బర్ ఉంది మనకి. పుస్తకంలో వ్యాపారి రైతుకి అప్పు మీద ఎరువులూ విత్తనాలూ ఇచ్చి, పండిన పంట నాకే అమ్మాలి అని మాట తీసుకుంటాడు. జాలారిపేట పిల్లలకి ఇది చదివి వినిపిస్తే చాలు, బోటుకి అడ్వాన్స్ ఇచ్చినవాడికే చేప పోయాలి, వేలంలో వేరేవాడు ఎక్కువ పాడినా ఇవ్వడానికి లేదు అని వాళ్ళే చెప్తారు. అప్పుకి వడ్డీ ఒక్కటే కాదు, షరతులు కూడా ఉంటాయి అన్న పాయింట్ అదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రెండు నెలలు ఇల్లు ఎలా గడుస్తుంది అన్నది బ్యాంకు అప్పు, బయట అప్పు తేడాకి మంచి ప్రశ్న. డ్వాక్రా గ్రూపులు కూడా అక్కడే తెచ్చేయండి, స్వయం సహాయక బృందం అంటే నోరు తిరగని పిల్లలు డ్వాక్రా అనగానే అమ్మ పుస్తకం, నెల మీటింగు అన్నీ చెప్తారు.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త, ఇది చాలా ముఖ్యం. మీ ఇంట్లో ఎంత అప్పు ఉంది అని ఏ పిల్లనీ క్లాసులో అడగొద్దు. ఎవరిదీ పేరు పెట్టి అడగొద్దు. పిల్లలు చెప్పుకోవాలనుకుంటే చెప్తారు, లేకపోతే "ఒక బోటు ఓనరు ఉన్నాడనుకోండి" అని మనమే కథ కట్టాలి. పుస్తకంలో వేరుశనగ వేసి అప్పులో కూరుకుపోయిన స్వప్న కథ ఉంది, పిల్లలు వాళ్ళ ఇంటి బాధని కూడా స్వప్న పేరు మీద మాట్లాడగలరు, అందుకే ఆ కథని నేను ఎప్పుడూ వదలను. కులం, మతం, ఇంటి భాష వచ్చే పాఠాలకి కూడా ఇదే రూలు.

ఇక అధికారం పంచుకోవడం గురించిన పాఠంలో వచ్చే బెల్జియం సంగతి. ఊర్లో దీనికి సాటి వెతకొద్దు, ఆట ఆడించండి. యాభై మంది క్లాసు అయితే ముప్పై మంది డచ్, ఇరవై మంది ఫ్రెంచ్, పుస్తకంలో 59 శాతం, 40 శాతం అని ఉంది కదా దాదాపు అదే. జర్మన్ మాట్లాడేవాళ్ళు 1 శాతమే, యాభైలో సగం మనిషే వస్తాడని పిల్లలే లెక్కేస్తారు. ముందు బెంచీ ఐదుగురు బ్రస్సెల్స్, అక్కడ మాత్రం నలుగురు ఫ్రెంచ్ ఒకరు డచ్. ఇప్పుడు క్లాసు లీడర్‌ని ఎన్నుకోమనండి. ముప్పై మంది ఒకవైపే చెయ్యెత్తి గెలిచేస్తారు, మిగతా ఇరవై మంది మొహాలు చూడండి. ఇంకేం చేస్తే ఊరుకుంటారు అని వాళ్ళనే అడిగితే ఇద్దరు లీడర్లు కావాలి, సగం సగం ఉండాలి అంటారు, బెల్జియం కూడా కేంద్ర ప్రభుత్వంలో రెండు భాషలవాళ్ళకీ సమాన సంఖ్యలో మంత్రులు ఉండాలనే పెట్టుకుంది. ఒక్క పీరియడ్ చాలు.

తొమ్మిదో తరగతిలో నాజీలు, ఫ్రెంచ్ విప్లవం లాంటివి దూరం పాఠాలు దూరంగానే చెప్పండి. యూదులకి జరిగినదాన్ని మన వీధిలో జరిగే ఏ గొడవతోనూ పోల్చొద్దు, అది అంత పెద్ద విషయం, దాన్ని దాని బరువుతోనే చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం ఎక్కడో జరిగింది అనుకోకుండా ఒక్క మాట చెప్పొచ్చు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద కూడా బాంబులు వేశాయని. అంతే, ఆ మాట చెప్పి పాఠంలోకి వెళ్ళిపోండి.

బౌద్ధం పాఠం వచ్చినప్పుడు తొట్లకొండ మీది పాత బౌద్ధారామానికి తీసుకెళ్ళాలని ప్రతి టీచర్‌కీ ఉంటుంది. నేనూ తీసుకెళ్ళాను, మొదటిసారి ఏ తయారీ లేకుండా. అరవై మంది పిల్లలు బస్సు దిగి, ఫొటోలు దిగి, పులిహోర తిని, సముద్రం చూసి వచ్చేశారు. మర్నాడు ఏం చూశారంటే ఇటుకలు టీచర్ అన్నారు. తప్పు వాళ్ళది కాదు, ఏం చూడాలో నేను చెప్పలేదు. తర్వాతి ఏడాది నుంచి నలుగురికి ఒక చీటీ ఇస్తున్నాను, ఒక్కో చీటీలో ఒక్కటే ప్రశ్న. కొండమీద నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవి? ఇక్కడ ఎంతమంది ఉండేవాళ్ళో ఎలా చెప్తారు, గదులు లెక్కపెట్టండి. భిక్షువులు ఊరికి దూరంగా సముద్రం కనిపించే కొండ ఎందుకు ఎంచుకున్నారు? ఇక్కడ రోమన్ నాణేలు దొరికాయి, అవి ఎలా వచ్చుంటాయి? నీళ్ళ చీటీ వచ్చిన గుంపు రాతిలో తొలిచిన తొట్లు చూసి, అందుకేనా తొట్లకొండ అంటారు అని అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చారు. ఊరి పేరు వెనక ఆధారం దొరకడం అంటే చరిత్ర ఎలా రాస్తారో వాళ్ళ కళ్ళతో చూడటమే. పొద్దున్నే వెళ్ళండి, పదిన్నర దాటితే ఆ కొండమీద ఎండకి నిలబడలేరు. బస్సుకి డబ్బుల్లేకపోతే మీ బడికి దగ్గర్లో ఏది ఉంటే అదే, భీమిలి వాళ్ళకి డచ్చి సమాధులు, సింహాచలం వాళ్ళకి గుడి గోడల మీద శాసనాలు, అనకాపల్లి వైపు వాళ్ళకి బొజ్జన్నకొండ. చీటీలు మాత్రం మానొద్దు.

భాష గురించి. మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, పక్క పేజీ తెలుగు ఉంటుంది, కానీ ఆ తెలుగు కూడా పిల్లలకి కష్టమే. బేగార్ అని ఉంటుంది, వెట్టి అంటే అర్థమవుతుంది. ప్రాదేశిక జలాలు అంటే తెల్లమొహం వేస్తారు, ఒడ్డు నుంచి ఇంత దూరం దాకా మన దేశానిదే అంటే చాలు. నేను క్లాసు గోడకి ఒక చార్టు పెట్టి మూడు గడులు గీస్తాను, ఇంగ్లీష్ మాట, పుస్తకం తెలుగు మాట, మనింట్లో మాట. మూడో గడి పిల్లలే నింపాలి. పరీక్షలో మాత్రం పుస్తకం మాటే రాయమని చెప్పండి.

పరీక్ష మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఊరి ఉదాహరణలు రాస్తే మార్కులు పోతాయేమో అని పిల్లలు భయపడతారు. ముందు పుస్తకం పాయింట్లు వరసగా, ప్రశ్న ఎన్ని మార్కులో అన్ని, ఆ తర్వాత ఆఖర్న రెండు లైన్లు మన ఉదాహరణ. ఆ క్రమం తప్పకూడదు. టైమ్ సరిపోదు అనేవాళ్ళకి నా లెక్క ఇదీ, పాఠానికి ఒక్క పీరియడ్ ఊరికి ఇవ్వండి, ఆ ఒక్కటి ఇస్తే రివిజన్‌లో రెండు పీరియడ్లు మిగులుతాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది, దీనికి పైసా ఖర్చులేదు. అక్షాంశాలు, రేఖాంశాలు, భారత ప్రామాణిక సమయం. ఒక మీటరు పొడవు నిటారు కర్ర, గ్రౌండ్‌లో చదునైన చోటు, చాక్‌పీసు, సరైన టైమ్ చూపించే ఫోన్, అంతే.

సెప్టెంబర్ 1 ప్రాంతంలో చేయండి. పదకొండు గంటలకి కర్ర నీడ కొన ఎక్కడుందో అంత దూరంలో కర్ర చుట్టూ తాడుతో వృత్తం గీయించండి. నీడ తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది, మధ్యాహ్నం కొన మళ్ళీ వృత్తాన్ని తాకే నిమిషం రాసుకోమనండి. దాదాపు 12:54 వస్తుంది. రెండిటికీ సరిగ్గా మధ్య 11:57. అంటే మన ఊర్లో సూర్యుడు ఆ రోజుకి అన్నిటికంటే ఎత్తుకి చేరింది గడియారం పన్నెండు కొట్టడానికి మూడు నిమిషాల ముందే. ఎందుకు? దేశం గడియారం 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశానిది, మనం సుమారు 83 డిగ్రీల 13 నిమిషాల దగ్గర తూర్పున ఉన్నాం, ఒక్కో డిగ్రీకి గడియారంలో నాలుగు నిమిషాలు తేడా (రేఖాంశం నిమిషం వేరు, అది డిగ్రీలో అరవయ్యో వంతు). లెక్క బోర్డు మీద వాళ్ళే వేయాలి. ఏడాదిలో చాలా రోజుల్లో చేస్తే ఈ మూడు నిమిషాలు సరిగ్గా కనపడవు, భూమి కక్ష్య వల్ల, వంపు వల్ల సూర్యుడు ముందూ వెనకా అవుతుంటాడు, నవంబర్ మొదట్లో అయితే 11:41కే ఆ రోజు ఎత్తుకి చేరిపోతాడు, అందుకే సెప్టెంబర్ 1 అంటున్నా.

దానికి నెల ముందు, ఆగస్టు 2 ప్రాంతంలో, అదే కర్ర ఇంకోటి చూపిస్తుంది. 12:03 దగ్గర నీడ పూర్తిగా కర్ర కిందకి వెళ్ళిపోతుంది. మనం సుమారు 17 డిగ్రీల 42 నిమిషాల అక్షాంశం మీద ఉన్నాం, కర్కటరేఖకి దక్షిణాన, కాబట్టి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకి వస్తాడు, ఒకటి మే నెలలో సెలవుల్లో పోతుంది, ఇది దొరుకుతుంది. అదే పుస్తకం చదివే ఢిల్లీ పిల్లలకి ఏడాది మొత్తంలో ఒక్కరోజు కూడా ఇది కనపడదు. ఎందుకు కనపడదో చెప్పమని అడగండి, అట్లాస్ వాళ్ళే తెచ్చుకుంటారు. వర్షాకాలం కాబట్టి మబ్బు పడితే ముందురోజో మర్నాడో చూడండి, ఒక్కరోజు తేడాకి నీడ వేలెడంత కూడా పెరగదు.